మూడు కాళ్ళ పీటకు అనుమతి పత్రం

మనిషి కూర్చునే పీట ఏ క్షణం నుంచి కెమెరా స్టాండు అవుతుంది? ఈ ప్రశ్నను దోన్యా ఎర్మెలిందా బర్రగాన్ పురాతన కట్టడాలను చూసుకునే కార్యాలయానికి ఇప్పటికి మూడుసార్లు రాతపూర్వకంగా పంపింది. మొదటి లేఖకు జవాబు రాలేదు. రెండవ లేఖ అందినట్టు రసీదు వచ్చింది. మూడవ లేఖకు రసీదు కూడా రాలేదు. ప్రశ్న మాత్రం తన మూడు కాళ్ళమీద ఇప్పటికీ స్థిరంగా నిలబడి ఉంది.

ఆ రోజు ఉదయం ఆమె వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటు లేదు. ఆరున్నరకు కాఫీ, ఏడింటికి బస్సు, క్వెర్నవాకాలో దిగి మరో బస్సు, పదీ పదికి తెనెష్కల్కో కొండ కింద గేటు, పదకొండుంబావుకు పిరమిడ్ల కిందున్న గుహ ముందు వరుసలో మొదటి స్థానం, సరిగ్గా పన్నెండింటికి వెలుగు. ఇదంతా ఒక కాగితం మీద రాసి, పైన తేదీ వేసి, ఫ్రిజ్ తలుపుకు అంటించింది. తేదీ మే పదిహేను.

మే పదిహేను ఉపాధ్యాయుల దినోత్సవం. ముప్పై నాలుగేళ్ళపాటు ఆ రోజున ఐదవ తరగతి టీచరుగా ఎర్మెలిందా చేసిన పని ఒక్కటే. బడి ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పిల్లల నృత్యం చూసి, తల్లుల సంఘం ఇచ్చే తువ్వాలు పుచ్చుకుని, కళ్ళు చెమర్చినట్టు కనిపించడం. ఆమె బీరువాలో ముప్పై నాలుగు తువ్వాళ్ళున్నాయి. వాటిలో ఇరవై తొమ్మిది గులాబీ రంగువి. కృతజ్ఞతకు గులాబీ రంగే ఎందుకన్నది ఆమె ఇంకా ఎవరికీ లేఖ రాయని మరో ప్రశ్న.

తెనెష్కల్కో గుహ కప్పులో రాతిని తొలిచి చేసిన నిలువు బొక్క ఉంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచే రోజులు అక్కడ ఏడాదికి రెండు. ఆ రెండు రోజులూ ఎండ ఆ బొక్కలోంచి నిట్టనిలువుగా దిగి గుహ నేలమీద పడుతుంది. ఒకటి మే పదిహేను. రెండవది జూలై చివర. జూలైలో కొండ మబ్బుల్లో ఉంటుంది, మేలో టీచర్లు తువ్వాళ్ళలో ఉంటారు. కనుక ఆ వెలుగు గురించి దేశంలోని పిల్లలందరికీ పాఠం చెప్పవలసినవాళ్ళకే దాన్ని చూసే వీలు లేకుండా పోయింది. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో వాళ్ళకెవరూ తువ్వాలు ఇచ్చినట్టు లేదు.

పాఠ్యపుస్తకంలో ప్రశ్న ఇలా ఉండేది: ఆ వెలుగు నేలమీద ఏ ఆకారంలో పడుతుంది? జవాబు: గుండ్రంగా. ఒక మార్కు.

ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం సెనాయ్దా పొపోకా అనే పదేళ్ళ పిల్ల ఆ ప్రశ్నకు జవాబు రాయలేదు, గీసింది. ఆరు మూలల బొమ్మ, స్కేలు పెట్టి, వంక పెట్టలేనంత చక్కగా.

“పుస్తకంలో గుండ్రమని ఉంది కదా” అన్నది ఎర్మెలిందా.

“పుస్తకం తప్పు టీచర్. మీరు చూశారా?”

నలభై ఒక్క మంది పిల్లలు పెన్సిళ్ళు ఆపి టీచరు వైపు చూశారు.

“చూశాను” అన్నది ఎర్మెలిందా. “గుండ్రమే.”

ఆ మాటతో ఆగలేదు. ఆరు మూలలమీద ఎర్రసిరాతో ఇంటూ కొట్టి ఒక మార్కు తీసేసింది. తేదీ వేయనందుకు ఇంకో అర మార్కు తీసేసింది. తేదీ లేని జవాబుకు అర మార్కు కోత ఆమె తరగతిలో చట్టం. పేజీ చివర తన ముద్ర వేసింది. కళ్ళజోడు పెట్టుకున్న గుడ్లగూబ, చుట్టూ బడి పేరు, కింద ‘సరిచూశాను’ అన్న మాట. ఆమె జీవితంలో ఆడిన అబద్ధాలు ఐదు. నాలుగు పళ్ళ డాక్టరుకు చెప్పినవి, వాటి గురించి ఆమెకు పశ్చాత్తాపం లేదు. ఐదవది ఇది. ఆ పిల్ల పై తరగతికి వెళ్ళిపోయింది, ఆ ఆరు మూలలు మాత్రం వెళ్ళలేదు. రిటైరయ్యాక వచ్చిన మే నెలలను ఎర్మెలిందా కుడి మోకాలి నొప్పి తినేసింది. జూన్ మొదటి వారంలో ఆ మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత కొండ ఎక్కే విషయం తన చేతుల్లో ఉండదు. గుండ్రమా, ఆరు మూలలా అన్నది ఆమె ఈ మే పదిహేనునే తేల్చుకోవాలి.

తోడు బయలుదేరింది చెల్లెలు రెమెదియోస్. వంటింట్లోంచి మూడు సంచులు బయటికి వచ్చాయి.

“కొండకి వెళ్తున్నామా, ఊరు ఖాళీ చేస్తున్నామా?” అన్నది ఎర్మెలిందా.

“మొక్కజొన్నపిండి తమాలేలు పన్నెండే పెట్టానక్కా. ఎండుమాంసం, చింతపండు నీళ్ళు, కారం చల్లిన మామిడి ముక్కలు. దార్లో ఎవరైనా కలిస్తే?”

“ఎవరు కలుస్తారు?”

“కలిసినాక తెలుస్తుంది కదా!”

రెమెదియోస్‌కు ఈ లోకంలో అపరిచితులు లేరు. తెలియదు అన్న మాటా లేదు. దారి అడిగినవాళ్ళకు తెలియదని చెప్పి పంపడం ఆ ప్రాంతంలో చాలామంది దృష్టిలో అమర్యాద. రెమెదియోస్ ఆ మర్యాదను అంచుదాకా తీసుకెళ్ళిన మనిషి. తాను ఎన్నడూ వినని వీధికి కూడా ఆమె మలుపులతో సహా దారి చెప్పగలదు. ఎప్పుడూ భుజాన ఉండే సంచి కాక, ఎర్మెలిందా తన వంతుగా ఒకే ఒక్క వస్తువు తీసుకుంది: మోకాలి కోసం మూడు కాళ్ళ మడత పీట, పైన గుండ్రటి తోలు.

ఆ పీట గేటు దాటలేదు.

“అమ్మా, ఆ స్టాండు లోపలికి రాదు” అన్నాడు గేటు కాపలాదారు. అరవై దాటిన మనిషి, నెరిసిన మీసం, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. పేరు ఎవోదియో అని జేబు మీద కుట్టి ఉంది, అందరూ గౌరవంగా దోన్ ఎవోదియో అంటారు.

“ఇది స్టాండు కాదు. పీట.”

“కాళ్ళెన్నమ్మా?”

“మూడు.”

“అదే నేనూ అంటున్నది.”

“మూడు కాళ్ళున్నదల్లా స్టాండేనా? మా పక్కింటి కుక్కకి కూడా మూడే కాళ్ళు.”

“దానికీ ప్రవేశం లేదమ్మా. కుక్కల బోర్డు వేరే ఉంది, అటుపక్క.”

ఆయన చూపించిన ఇటుపక్క బోర్డు మీద మూడు కాళ్ళ బొమ్మ ఒకటి ఉంది, దానిమీద అడ్డంగా ఎర్ర గీత. ఎర్మెలిందా కళ్ళజోడు సరిచేసుకుని ఆ బొమ్మను చూసింది.

“ఇది ఫోటోలవాళ్ళ కోసం పెట్టిన బోర్డు.”

“బొమ్మలో కెమెరా ఉందామ్మా?”

లేదు. చిత్రకారుడు బద్ధకించాడో, రంగు చాలలేదో, అక్కడ మూడు కాళ్ళు, పైన ఒక అడ్డగీత మాత్రమే ఉన్నాయి. నిజం ఒప్పుకోవాలంటే ఆ బొమ్మ కెమెరా స్టాండుకన్నా ఎర్మెలిందా పీటకే దగ్గరగా ఉంది. దీనికి ఆ చిత్రకారుణ్ణి ఎవరూ సంజాయిషీ అడగలేదు.

రెమెదియోస్ గొడుగు ముందుకు తెచ్చింది. “ఇది కట్టేస్తే నాలుగో కాలు అవుతుంది కదన్నా?”

“నాలుగు కాళ్ళయితే ఫర్నిచర్ కింద వస్తుంది చెల్లెమ్మా. ఫర్నిచర్ తేవాలంటే పెళ్ళి ఫోటోల సెక్షన్‌లో ముందే రాయించుకోవాలి.”

“ఒక కాలు తీసేస్తే?”

“అప్పుడు పడిపోతారు” అన్నాడు దోన్ ఎవోదియో, ఎంతో సానుభూతితో. “పోనీ అర్జీ రాయండి. నేనే పై ఆఫీసుకి వైర్‌లెస్‌లో చదివి వినిపిస్తా. అనుమతి ఇస్తే ఎవరం కాదంటాం?”

గేటు బయట అత్తిచెట్టు నీడలో పీట వేసుకుని ఎర్మెలిందా అర్జీ రాసింది. మొదట తేదీ. ఆ తర్వాత వస్తువు: పీట. ఉద్దేశం: కూర్చొనుట. దోన్ ఎవోదియో చదివి తల అడ్డంగా ఊపాడు. కూర్చోవడం అనుమతించదగిన ఉద్దేశాల జాబితాలో లేదట. పరిశోధన, సినిమా, వివాహం, విద్య, ఈ నాలుగే ఉన్నాయట. ఎర్మెలిందా ‘కూర్చొనుట’ కొట్టేసి ‘విద్య’ అని రాసింది. తన ప్రయాణానికి అంతకన్నా ఖచ్చితమైన మాట లేదని ఆమెకు అప్పుడే తోచింది.

“విద్య అయితే సంస్థ ముద్ర ఉండాలమ్మా.”

ఇక్కడితో ఎవరైనా ఇంటిదారి పట్టేవారు. ఎర్మెలిందా సంచి జిప్పు తీసింది. రిటైరై అయిదేళ్ళయినా సిరా పెట్టె, ముద్ర ఆ సంచిలోంచి కదలలేదు. కొందరి సంచుల్లో జపమాల ఉంటుంది, ఆమె సంచిలో గుడ్లగూబ ఉంటుంది. అర్జీ చివర ఠక్కున ముద్ర పడింది.

దోన్ ఎవోదియో ఆ ముద్రను చూశాడు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి మళ్ళీ చూశాడు. ఆ తర్వాత ఎర్మెలిందా ముఖం వైపు చూశాడు.

“ఈ బడిలో మీరు... టీచరా?”

“ముప్పై నాలుగేళ్ళు. ఐదో తరగతి. ఏం, ముద్రలో లోపముందా?”

“లేదు టీచరమ్మా. ముద్ర బాగుంది.” ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. “రెండో ప్రతి కూడా కావాలి. మెల్లిగా రాయండి, తొందరేం లేదు.”

తొందర ఉంది. పదకొండయింది. ఎర్మెలిందా రెండవ ప్రతి రాస్తుండగా ఆమె వెనక ఇద్దరు వచ్చి నిలబడ్డారు. పీటమీద కూర్చుని ఒడిలో కాగితాలు, పక్కన సిరా పెట్టె పెట్టుకున్న పెద్దావిడ కనిపిస్తే నిలబడకుండా దాటిపోయే మనిషి ఆ దేశంలో ఇంకా పుట్టలేదు.

“ఇది దేని లైనండీ?” అని వాళ్ళు రెమెదియోస్‌ను అడిగారు.

“గుహ లైను” అన్నది రెమెదియోస్. వాళ్ళను నిరాశపరచడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

అయిదు నిమిషాల్లో ఇద్దరు పదిహేనుమంది అయ్యారు. పదహారవ మనిషి దోన్ ఆర్నుల్ఫో, రిటైర్డ్ కోర్టు గుమాస్తా. జాబితా లేని లైను ఆయన కంటికి చిరిగిన చొక్కా. ఆయన జేబులోంచి పుస్తకం తీసి, అందరి పేర్లూ రాసి, కాగితాలు చింపి నంబర్లు పంచాడు. ఎర్మెలిందాకు ఒకటో నంబరు ఇచ్చాడు.

“నేను లైనులో లేను” అన్నది ఎర్మెలిందా.

“అందరికన్నా ముందున్నారు కదమ్మా, ఇంక లైనులో లేకపోవడం ఏంటి? సరేగానీ, ఈ చీటీలమీద ముద్ర వేసేయండి. లేకపోతే ఎవరు పడితే వాళ్ళు నంబర్లు రాసుకుని వచ్చేస్తారు.”

“ఇది పిల్లల నోటుబుక్కులమీద వేసే ముద్ర.”

“ముద్రే కదా!”

ఆమె నిరాకరించింది. మూడుసార్లు, మూడు వేర్వేరు వాక్యాల్లో నిరాకరించింది. నాలుగోసారి, ఎండకు సొమ్మసిల్లేట్టున్న ఒక గర్భిణి చీటీ చాపితే, ఆమెను త్వరగా నీడలోకి పంపడానికి వేసింది. ఒక్క గుడ్లగూబ. ఆ ఒక్కటే ఆమె పొరపాటు. మరుక్షణం అరవై రెండు చేతులు చీటీలు చాపాయి. గర్భిణికి వేసి తమకు వేయకపోవడం అన్యాయమని దోన్ ఆర్నుల్ఫో నిబంధనల భాషలో వివరించాడు. రెమెదియోస్ మాత్రం లైనంతా తిరిగి మామిడి ముక్కలు పంచుతూ, అడిగినవాళ్ళకల్లా సమాచారం కూడా పంచుతోంది.

“ఆవిడెవరండీ?”

“మా అక్క.”

“గుహ ఆవిడ చేతిలోనే ఉందా?”

“ముప్పై నాలుగేళ్ళుగా” అన్నది రెమెదియోస్. పాఠం మాట చెప్పింది ఆమె. విన్నవాళ్ళు పదవి మాటగా విన్నారు. పక్కవాళ్ళకు చెప్పేటప్పుడు ఇంకో పదవి కూడా చేర్చారు.

గుడ్లగూబ చీటీలు పట్టుకుని మొదటి ఇరవైమంది కొండెక్కారు. గుహ ముఖం దగ్గర నిలబడింది పొరుగు జిల్లా నుంచి ఆ ఒక్కరోజుకని పంపిన కాపలాదారు. అతనికి గుహ కొత్త, కొండ కొత్త, ఉద్యోగంలో నేర్చుకున్న సూత్రం మాత్రం పాతదే: ముద్ర ఉంటే పంపు, లేకపోతే ఆపు. గుడ్లగూబ ఉన్నవాళ్ళను పంపాడు. అంతవరకు నష్టం లేదు. ఆ వెనకే మామూలు టిక్కెట్లతో, ఏ లైనూ చూడకుండా, నిజాయితీగా నడిచి వచ్చినవాళ్ళను ఆపాడు.

“గుడ్లగూబ ఏది?”

“ఏ గుడ్లగూబ?”

“కింద పెద్దావిడ ఇస్తున్నారట. వేయించుకు రండి.”

వాళ్ళు కొండ దిగారు. కిందికి వచ్చేసరికి గేటు ముందు ఒక బస్సు ఆగి ఉంది. అందులోంచి నలభై మంది టీచర్లు దిగారు, ఒక్కొక్కరి మెడ చుట్టూ ఒక గులాబీ రంగు తువ్వాలు, ఎండకు అడ్డంగా. ఎర్మెలిందా ముద్ర గాలిలోనే ఆగింది.

“ఈ రోజు మీకు ఉత్సవం లేదా?” అని ముందున్నావిడను అడిగింది.

“నిన్ననే చేసేశారు టీచర్. మా హెడ్మాస్టరు ప్రతి ఏడూ పద్నాలుగునే చేస్తారు. ఇవాళ మాకు సెలవు.”

“ముందురోజే చేసుకోవచ్చా?”

“ఎందుకు చేసుకోకూడదు? డాన్సే కదా!”

ముప్పై నాలుగేళ్ళు. ముప్పై నాలుగు మే నెలలు. ఒక్క హెడ్మాస్టరు, ఒక్కసారి, క్యాలెండరులో ఒక్క గడి వెనక్కి జరిగి ఉంటే ఐదవ అబద్ధం పుట్టేదే కాదు. ఈ విషయం మీద ఎర్మెలిందా ఆ క్షణంలో చెప్పదలచుకున్నది అచ్చుకు తగినది కాదు. ఆమె దాన్ని మింగి, ఆ టీచరు చీటీమీద గుడ్లగూబను మామూలుకన్నా గట్టిగా కొట్టింది.

పదకొండూ యాభైకి ఆమె దోన్ ఎవోదియోను పిలిచింది. “అనుమతి వచ్చిందా?”

“వైర్‌లెస్‌లో గురగురమంటోంది టీచరమ్మా.”

“పీట ఇక్కడే వదిలేస్తాను. నడిచే వెళ్తాను.”

“వదిలేసిన వస్తువులు ఉండకూడదని ఇంకో బోర్డుంది.”

“మా చెల్లెలు కూర్చుంటుంది దానిమీద.”

“అర్జీ మీ పేర ఉంది కదమ్మా. నిర్ణయం వచ్చేదాకా అర్జీదారు వస్తువు దగ్గరే ఉండాలి.”

ఈ నియమాన్ని ఆయన చెబుతున్నప్పుడు మీసం కింద ఏదో కదిలింది. ఎర్మెలిందా దాన్ని గమనించింది, కారణం పట్టుకోలేకపోయింది. ఇంతలో యాభై చీటీలు ముందుకు వచ్చాయి. దోన్ ఆర్నుల్ఫో నంబర్లు అరుస్తున్నాడు. రెమెదియోస్ తమాలేలు అయిపోయాయని ప్రకటించి, లైనులో ఎవరో తెచ్చిన వేయించిన పల్లీలు పంచడం మొదలుపెట్టింది. తను చూడవలసిన వెలుగుకు ఊరందరినీ తన చేతి ముద్రతో పంపిస్తూ ఎర్మెలిందా అక్కడే కూర్చుంది. పన్నెండు కొట్టింది. చెట్టు నీడ పక్కకు తప్పుకుంది, ఎండలో పీట నీడ ఇంకా పడమటివైపు నాలుగు వేళ్ళ మేర పడి ఉంది. ఆమె దాన్ని చూసింది. భూగోళం చెప్పిన టీచరే, అయినా దాని గురించి ఆలోచించలేదు. కోపం వచ్చినప్పుడు మనిషి నేలవైపు చూస్తుంది గానీ నేలమీద ఏముందో చూడదు.

కొండమీంచి చప్పట్లు వినిపించాయి.

కిందికి దిగుతున్నవాళ్ళను ఆమె ఒక్కొక్కరినే ఆపింది.

“ఏ ఆకారం?”

“గుండ్రంగా ఉందండీ. రొట్టెలాగా.”

“మీరు?”

“కోడిగుడ్డులాగా. గోడమీద.”

“గోడమీదా? నేలమీద కాదా?”

“గోడమీదే. కొంచెం సాగినట్టు. ఫోటో బాగా వచ్చింది.”

“మూలలు ఎన్ని?”

“వెలుగుకి మూలలేంటండీ!” అని తువ్వాలావిడ నవ్వింది.

ఎర్మెలిందా తన నోటుబుక్కులో రాసుకుంది. సాక్షులు పదకొండుమంది. గుండ్రం: నలుగురు. కోడిగుడ్డు: ఆరుగురు. ‘చెప్పలేను, పొట్టిదాన్ని’: ఒకరు. ఆరు మూలలు: సున్నా. నోటుబుక్కు మూసింది. మూలలైతే లేవు, పాఠ్యపుస్తకమే నిజమన్నమాట. ఇరవై ఎనిమిదేళ్ళ బరువు దిగిపోవలసిన చోట మరో బరువు వచ్చి కూర్చుంది. చూడకుండా చెప్పిన మాట నిజమే అయినా అది చూడకుండా చెప్పిన మాటే.

“పోనీలే అక్కా, నువ్వు చెప్పిందే కరెక్టు. ఇంటికెళ్దాం పద” అన్నది రెమెదియోస్.

ఎర్మెలిందా లేచి పీట మడిచింది. అప్పుడు దోన్ ఎవోదియో గేటు తెరుచుకుని వచ్చాడు, చేతిలో అర్జీ, ముఖంలో అధికారికమైన సంతోషం.

“అనుమతి వచ్చింది టీచరమ్మా. పదండి.”

“గడియారం చూడండి. పన్నెండూ పది. అయిపోయింది.”

“గడియారానికి అయిపోయింది.” ఆయన ఆమె చేతిలోంచి పీట తీసుకుని, విప్పి, ఎండలో నేలమీద పెట్టాడు. “నీడ చూడండి.”

నీడ మూడు వేళ్ళ మేర ఉంది. ఇంకా పడమటివైపే. ఎర్మెలిందా ఈసారి చూసింది. సూర్యుడు నడినెత్తికి రాలేదు. గడియారాన్ని ఎవరో ఆఫీసులో కూర్చుని దేశం మొత్తానికీ ఒకటే పెట్టారు. సూర్యుడికి ఆ ఉత్తర్వు అందలేదు. పాఠ్యపుస్తకం పన్నెండు అన్నది, ముప్పై నాలుగేళ్ళు ఆమె పన్నెండు అన్నది, ఆ పన్నెండును నమ్మి నూటపదిమంది గోడమీది మరకకు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళిపోయారు.

“ఎప్పుడు?” అన్నది ఆమె.

“పన్నెండూ ముప్పై మూడుకి.”

పీట ఆయన భుజానికెత్తుకున్నాడు. రెమెదియోస్ ఒక పక్క, కొండ గోడ ఒక పక్క పట్టుకుని ఎర్మెలిందా నూటనలభై మెట్లు ఎక్కింది. పైన ఎవరూ లేరు. పొరుగు జిల్లా కాపలాదారు భోజనానికి వెళ్ళాడు. గుహలో చల్లగా, తడి మట్టి వాసనతో ఉంది. వెలుగు నిజంగానే గోడమీద ఉంది, కోడిగుడ్డులాగా. సాక్షులు అబద్ధమాడలేదు.

అది జారింది. గోడమీంచి మెల్లగా కిందికి దిగి, నేలను తాకి, లోపలికి జరిగింది. జరుగుతున్నకొద్దీ అంచులు బిగుసుకున్నాయి. ఒక మూల తేలింది. ఇంకొకటి. ఒక నిమిషం పాటు అది ఏమీ కాని ఆకారంలో ఉండి, ఆ తర్వాత ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు నిలిచింది.

“ఎన్ని మూలలు టీచరమ్మా?” అన్నాడు దోన్ ఎవోదియో.

ఆమె లెక్కపెట్టింది. ఎడమనుంచి ఒకసారి, కుడినుంచి ఒకసారి.

“ఆరు.”

“మా అమ్మాయి గీసిందీ ఆరే.”

ఎర్మెలిందా వెలుగుమీంచి తల తిప్పి ఆయన జేబుమీది పేరు వైపు చూసింది. రెమెదియోస్ కూడా.

“పొపోకా” అన్నది ఎర్మెలిందా. “మీ ఇంటిపేరు చొక్కామీద లేదు.”

“జేబు చిన్నదమ్మా. పేరొక్కటే పట్టింది.”

“నన్ను ఎప్పుడు గుర్తుపట్టారు?”

“గుడ్లగూబ చూశాక. ఆ నోటుబుక్కు ఇంకా మా ఇంట్లో ఉంది.” ఆయన టోపీ తీసి చేత్తో తిప్పాడు. “స్టాండు బోర్డు మాట మాత్రం నిజంగా నియమమే. పీట గొడవ నేను పుట్టించింది కాదు. ఆ రెండో ప్రతి, అర్జీదారు వస్తువు దగ్గర ఉండటం, అవి మాత్రం నావే. పన్నెండుకి పంపిస్తే మీరూ గోడమీద గుడ్డు చూసి, గుండ్రమే అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడు మా పిల్ల శాశ్వతంగా తప్పయిపోయేది.”

“నేను చూశానని చెప్పాను ఆ పిల్లకు.”

“చెప్పింది ఇంటికొచ్చి. ముప్పై ఒక్క ఏళ్ళుగా మే పదిహేనున ఆ గేటు దగ్గర ఉండేది నేనే టీచరమ్మా. మీరు రాలేదని నాకు తెలుసు.”

“ఆమెకు చెప్పలేదా?”

“పదేళ్ళ పిల్లకి వాళ్ళ టీచరు చూడకుండా చెప్పిందని చెప్పి ఏం బావుకుంటాం? పెద్దయ్యాక నువ్వే చూపిద్దువు గానిలే అన్నాను. ఇప్పుడు మొంతెర్రేలో లెక్కలు చెబుతోంది, బడిలో. ఇవాళ దానికీ తువ్వాలే.”

ఎర్మెలిందా కాగితం అడిగింది. దోన్ ఎవోదియో తన దగ్గరున్న అర్జీ రెండవ ప్రతి వెనకవైపు తిప్పి ఇచ్చాడు. ఆమె నిలబడే రాసింది: ‘ఐదవ తరగతి, బి సెక్షన్. సెనాయ్దా పొపోకా. జవాబు: ఆరు మూలలు. సరైనది. టీచరు చూడకుండా తప్పు అన్నది. ఒక మార్కు తిరిగి ఇవ్వడమైనది.’ కింద గుడ్లగూబను వేసింది. ఆ ముద్రలోని మాట మొదటిసారి పూర్తిగా నిజమైంది. వంగలేని మోకాలితో వంగి, ఆ కాగితాన్ని నేలమీద, ఆరు మూలల మధ్య పెట్టింది. వెనక్కి తీస్తున్నప్పుడు ఆమె చెయ్యి వెలుగులో పడింది. వేళ్ళ అంచులు ఎర్రగా మండాయి. ఆమె ఆ చేతిని ఒక క్షణం ఎక్కువసేపే అక్కడ ఉంచింది.

“ఫోటో తీసి పంపుదాం” అన్నాడు దోన్ ఎవోదియో. ఫోను తీశాడు. చీకట్లో ఫోను కదిలింది, బొమ్మ చెదిరింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ చెదిరింది. ఆయన చుట్టూ చూసి, పీటను లాగి, దాని తోలుమీద రాతిముక్క ఆనించి ఫోను నిలబెట్టాడు.

“దోన్ ఎవోదియో” అన్నది ఎర్మెలిందా, నొప్పి పుట్టే మోకాలిమీద నిటారుగా నిలబడి. “అది పీట.”

“ఇప్పుడు స్టాండే టీచరమ్మా. ఏం భయం లేదు.” ఆయన జేబులోంచి అర్జీ మొదటి ప్రతి తీసి చూపించాడు. “అనుమతి ఉంది.”

ఫోటో బాగా వచ్చింది. గుహలో సిగ్నల్ లేదు కనుక మెట్లు దిగి అత్తిచెట్టు కిందికి వచ్చాక పంపారు. దోన్ ఆర్నుల్ఫో ఇంకా అక్కడే ఉన్నాడు, తన జాబితాకు ముగింపు సంతకం కోసం. ఎర్మెలిందా సంతకం పెట్టింది, వాదించడానికి ఇక ఓపిక లేక. పీటమీద కూర్చుంది. ముగ్గురూ ఫోను వైపు చూస్తున్నారు. మొంతెర్రేలో ఉత్సవం నడుస్తూ ఉండాలి. పదిహేను నిమిషాలకు తెర వెలిగింది. దోన్ ఎవోదియో చూసి, ఫోను ఎర్మెలిందాకు ఇచ్చాడు.

‘థ్యాంక్స్ టీచర్. కానీ తేదీ వేయలేదు. అర మార్కు కట్.’

రెమెదియోస్ పగలబడి నవ్వింది. ఎర్మెలిందా నవ్వలేదు. ఆ కోత న్యాయమైనదని ఒప్పుకుని, కాగితం తిరిగి తీసుకుని తేదీ వేసింది. కార్యాలయానికి ఆమె లేఖలు రాయడం ఆ మర్నాటినుంచి మొదలైంది. సెనాయ్దా విషయం తేలిపోయింది, పీట విషయం తేలలేదు. రెండూ వేర్వేరు ప్రశ్నలని ఆమె అభిప్రాయం. మూడవ లేఖ చివర సాక్షి సంతకం దోన్ ఎవోదియోది.

ఇక మీరు. ఎవరి నోటుబుక్కులోనైనా, ఎవరి మాటమీదైనా, చూడకుండానే ‘చూశాను’ అని చెప్పి ఎర్ర ఇంటూ కొట్టి ఉంటే, మోకాళ్ళు పనిచేస్తుండగానే లేచి వెళ్ళి చూసి రండి, తప్పైతే దిద్ది పంపండి. తేదీ వేయండి.